పాలకు తగిన పాత్ర

(జనగామలో పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల సభ్యుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



పాడిని గురించి ఏ సభలో మాట్లాడినా దాణా సంగతి, పచ్చిగడ్డి సంగతి, పశువుల జబ్బుల సంగతి, పాల ధర సంగతి తప్పకుండా వస్తాయి. అవన్నీ రావలసినవే. కాని బర్రె పొదుగు నుంచి సంఘం గది దాకా పాలను మోసుకువచ్చే బకెట్టు గురించి, చెంబు గురించి, వడకట్టే గుడ్డ గురించి మాట్లాడేవారు తక్కువ. ఈ రోజు ఆ సామాను గురించే చెప్పదలచుకున్నాము. ఇది చిన్న విషయమని అనుకోవద్దని మనవి. నెల చివర చేతికి వచ్చే పాల డబ్బులోను, ఇంట్లో పసిపిల్లల ఆరోగ్యంలోను పాత్రకు పెద్ద వాటా ఉన్నది.

పాలు ఎక్కడ చెడిపోతాయి?

ఆరోగ్యంగా ఉన్న బర్రె పొదుగులో పాలు దాదాపు శుభ్రంగానే ఉంటాయి. అవి బయటికి వచ్చిన తర్వాత చెయ్యి, తోక, కొట్టంలోని దుమ్ము, పాత్ర, ఈ నాలుగింటి ద్వారా సూక్ష్మజీవులు చేరతాయి. వీటిలో ఎక్కువ భాగం పాత్ర ద్వారానే వస్తాయి. పైకి మెరుస్తున్న బకెట్టులో కూడా అతుకులో నిన్నటి పాలు ఎండి ఉంటే, ఈ రోజు పాలకు అదే తోడు అవుతుంది. ఇంట్లో పెరుగు తోడేయటానికి ఒక చెంచా చాలునని మీకు మేము చెప్పనవసరం లేదు. మురికి బకెట్టు చేసే పని కూడా అదే.

ఒక చిన్న లెక్క చెబుతాము. వెచ్చని పాలలో సూక్ష్మజీవులు అరగంటకు ఒకసారి రెట్టింపు అవుతాయనుకోండి. ఉదయం 6 గంటలకు వెయ్యి ఉంటే 8 గంటలకు 16 వేలు, 9 గంటలకు 64 వేలు అవుతాయి. అదే 6 గంటలకు పది వేలతో మొదలైతే 9 గంటలకు 6 లక్షల 40 వేలు. మొదట ఎన్ని చేరాయన్నది పాత్ర శుభ్రతను బట్టి ఉంటుంది. అప్పుడే పిండిన పాలలో ఈ జీవులను కొంతసేపు అదుపులో పెట్టే సహజ గుణం ఉన్నది. మన ఎండలకు అది సుమారు రెండు గంటలకు మించి నిలవదు. పాత్ర శుభ్రంగా లేకపోతే అంతసేపు కూడా నిలవదు.

సంఘంలో మీ పాలు ఒక్కరివిగా ఉండవు. 40 లీటర్ల క్యానులో ఇరవై మంది రెండేసి లీటర్లు పోస్తారు. ఒక్కరి బకెట్టులో పులుపు ఉంటే పందొమ్మిది మంది కష్టం కూడా దానితోపాటు పోతుంది. పొలం గట్టు దగ్గర ఎవరి హద్దు వారిదే. క్యానులో హద్దులు లేవు. అందుకే బకెట్టును కడగటం ఇంటి పని మాత్రమే కాదు, సహకారం పని కూడా అని మా అభిప్రాయం.

ఇత్తడి సంగతి

మన జనగామ వారికి ఇత్తడిని గురించి ఒకరు చెప్పనక్కరలేదు. హైదరాబాదు నుంచి వరంగల్లు పోయే దారిలో పెంబర్తి ఉన్నది. కాకతీయుల నాటి నుంచి వస్తున్న లోహపు పని అక్కడిది. ఆ చేతిపనికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఇంటికి కోడలు వస్తే ఇత్తడి బిందె, గుండిగ, చెంబు సారెగా రావటం మన పద్ధతి. ఆ సామాను మీద మాకూ గౌరవమే.

అయితే ఇత్తడి ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు అన్నది తెలుసుకోవాలి. ఇత్తడి అంటే రాగి, తుత్తునాగం కలిసిన లోహం. రాగికి సూక్ష్మజీవులను చంపే గుణం ఉన్నది. కనుక శుభ్రంగా తోమిన బిందెలో మంచినీళ్ళు పెట్టుకుంటే తప్పు లేదు. పాల సంగతి వేరు. పాలలోని మాంసకృత్తులు రాగిని పట్టుకుని తమలో కలుపుకుంటాయి. పెరుగు, చల్ల అయితే పులుపు వల్ల లోహాన్ని నేరుగా కరిగిస్తాయి. కళాయి లేని ఇత్తడి గిన్నెలో పెరుగు పెడితే పచ్చని చిలుము పట్టటం పెద్దలందరూ చూసినదే. చిలుము కనపడకముందే రాగి దిగటం మొదలవుతుంది.

దీనివల్ల రెండు నష్టాలున్నాయి. మొదటిది డబ్బు నష్టం. పది లక్షల పాళ్ళలో ఒక పాలు రాగి కలిసినా చాలు, పాలలోని వెన్న త్వరగా చెడి, పాలకు ముక్కవాసన వస్తుంది. నెయ్యికి కూడా అంతే. కాబట్టి వెన్న, నెయ్యి ఇత్తడి డబ్బాలో నిలవ పెట్టరాదు.

రెండవ నష్టం పసిపిల్లలది. ఒకప్పుడు మన దేశంలో పసిపిల్లలకు కాలేయం గట్టిపడి ప్రాణం తీసే జబ్బు ఒకటి ఉండేది. పరీక్ష చేస్తే ఆ పిల్లల కాలేయంలో రాగి విపరీతంగా పేరుకుని ఉండేది. పుణె ప్రాంతపు పిల్లలను పరిశీలించిన వైద్యులు, తల్లిపాలు త్వరగా మాన్పించి, ఇత్తడి పాత్రలలో కాచి నిలవ ఉంచిన ఆవుపాలో బర్రెపాలో పట్టటం దీనికి కారణం కావచ్చునని 1983లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. ఆ పాత్రలు మానుకున్న కొద్దీ ఆ జబ్బు తగ్గుతూ వచ్చి, ఇప్పుడు చాలా అరుదైపోయింది. తల్లులు ఏ లోపమూ చేయలేదు. ఉన్నవాటిలో మంచి పాత్ర అనుకునే వాడారు. పాత్ర సంగతి తెలియకపోతే ప్రేమతో పోసిన పాలు కూడా కీడు చేయగలవని గ్రహించటానికే ఈ మాట చెప్పాము.

మరి మన పెద్దలు ఇత్తడిలో పాలు కాచలేదా అని అడుగుతారు. కాచారు, కాని కళాయి వేయించి కాచారు. పాత్రను వేడి చేసి, నవాసారం చల్లి, లోపల తగరం పూత వేసేవారు. ఆ పూత రాగికి, పాలకు మధ్య అడ్డుగోడ. పూత అరిగిన వెంటనే మళ్ళీ వేయించేవారు. ఇప్పుడు కళాయి వేసేవారు ఊరికి ఎప్పుడో గాని రారు. పూత పోయిన పాత్రను అలాగే వాడటం పెద్దల పద్ధతి కాదు, సగం పద్ధతి మాత్రమే. కళాయి వేయించేవారు మూడు విషయాలు గుర్తుంచుకోవాలి. తగరంలో సీసం కలపకుండా మీ కళ్ళ ముందే వేయించండి. సీసం విషం. తగరం 232 డిగ్రీల వేడికే కరుగుతుంది కనుక కళాయి పాత్రను ఖాళీగా పొయ్యి మీద పెట్టకండి. లోపల ఎర్రగా గాని పసుపుగా గాని మచ్చ కనిపిస్తే, ఆ పాత్రను పాలకు మాని నీళ్ళకు వాడుకోండి.

అల్యూమినియం, ప్లాస్టిక్, మట్టి

అల్యూమినియం తేలిక, ధర తక్కువ, వేడి త్వరగా పడుతుంది. పాలు మోసే క్యాన్లు ఎక్కువగా అల్యూమినియం మిశ్రమంతోనే చేసేవారు. కాచటానికి పనికివస్తుంది. కాని పెరుగు, చల్ల, చింతపండు పులుసు నిలవ ఉంచటానికి పనికిరాదు. పులుపు దానిని తింటుంది. బట్టల సోడా కూడా దానిని తింటుంది. ఈ సంగతి చాలామందికి తెలియదు. బాగా శుభ్రం కావాలని అల్యూమినియం బకెట్టును సోడా నీళ్ళలో రాత్రంతా నానబెడతారు. లోపల గుంటలు పడతాయి. ప్రతి గుంట పులుపుకు ఒక ఇల్లు. అల్యూమినియానికి మామూలు గిన్నెల సబ్బు, మెత్తని పీచు చాలు.

ప్లాస్టిక్ బకెట్టును గురించి నిర్మొహమాటంగా చెబుతాము. రంగుల డబ్బా ఖాళీ అయితే కడిగి పాలకు వాడటం కొన్ని ఇళ్ళలో కనిపిస్తున్నది. గట్టిగా ఉన్నది, మూత ఉన్నది, ఊరికే వచ్చింది అని కారణాలు చెబుతారు. అది ఆహారం కోసం చేసిన ప్లాస్టిక్ కాదు. రంగులోని మందులు దాని గోడలలోకి ఇంకి ఉంటాయి. ఎన్నిసార్లు కడిగినా పూర్తిగా పోవు. పురుగుమందు డబ్బా సంగతి చెప్పనే అక్కరలేదు. దానిని ఏ పనికీ ఇంట్లోకి రానీయవద్దు. గ్లాసు, ఫోర్కు బొమ్మ గుర్తు ఉన్న మంచి ప్లాస్టిక్ క్యాను కూడా పీచుతో తోమగా తోమగా లోపల గీతలు పడుతుంది. గీతలలో వెన్న దాగి వాసన పడుతుంది. లోపల చెయ్యి పెట్టి చూడండి. గరుకుగా తగిలితే దాని పని అయిపోయినట్టే. దానిని కుడితికి మార్చండి.

మట్టి కుండను కొందరు పాతకాలపుదని తీసేస్తారు, కొందరు పాతకాలపుదని మెచ్చుకుంటారు. రెండూ సరికాదు. కుండ గోడలో సన్నని రంధ్రాలు ఉంటాయి. వాటి గుండా నీరు ఊరి ఆరటం వల్ల కుండ చల్లగా ఉంటుంది, పెరుగు గట్టిగా తోడుకుంటుంది. అదే రంధ్రాలలో పులుపు కూడా నిలుస్తుంది. అందుచేత పెరుగుకు కుండ శ్రేష్ఠం, పచ్చిపాలకు పనికిరాదు. వారానికి ఒకసారి వేడినీళ్ళతో కడిగి, ఎండబెట్టి, సన్నని సెగ మీద వేడి చేస్తే కుండ మళ్ళీ కొత్తదవుతుంది. కుండను సబ్బుతో తోమరాదు. సబ్బు లోపలికి ఇంకి పెరుగులోకి వస్తుంది.

స్టీలు కొనేటప్పుడు

పాలు పిండటానికి, సంఘానికి తేవటానికి స్టెయిన్‌లెస్ స్టీలును మించినది లేదు. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డు పట్టణంలో హ్యారీ బ్రియర్లీ ఈ తుప్పు పట్టని ఉక్కును తయారు చేశాడు. ఇప్పుడు ప్రపంచమంతటా పాల కర్మాగారాలన్నీ దీనితోనే నడుస్తున్నాయి. ఇందులో కలిసే క్రోమియం పాత్ర మీద కంటికి కనపడని పొరగా ఏర్పడి తుప్పును ఆపుతుంది. పాల పనికి వాడే మేలు రకాన్ని 304 అంటారు. దానిలో సుమారు 18 పాళ్ళు క్రోమియం, 8 పాళ్ళు నికెలు ఉంటాయి.

అంగడిలో అయస్కాంతం పెట్టి చూసి, అంటుకోకపోతే మంచి స్టీలు అని నమ్మేవారు ఉన్నారు. ఈ పరీక్ష సగమే నిజం. నికెలు తగ్గించి మాంగనీసు కలిపిన చౌక రకానికి కూడా అయస్కాంతం అంటుకోదు. కాబట్టి అడుగున 304 అని ముద్ర ఉన్నదా చూడండి, బిల్లు మీద ఆ అంకె రాయించుకోండి. రాయటానికి దుకాణదారు వెనుకాడితే మీకు జవాబు దొరికినట్టే.

రకం కంటే ఆకారం ఇంకా ముఖ్యమని మా అభిప్రాయం. బకెట్టు లోపల అతుకు ఉండకూడదు. అడుగు మూల గుండ్రంగా ఉండాలి. వేలు పెడితే ప్రతి చోటికి అందాలి. చెయ్యి పట్టనంత ఇరుకు మూతి ఉన్న క్యానును ఎవరూ సరిగా కడగలేరు. మరీ వెడల్పు మూతి అయితే పిండేటప్పుడు తోక దుమ్ము, వెంట్రుకలు పడతాయి. పైన సగం కప్పు ఉన్న పాలబకెట్టు అన్నిటికంటే మంచిది. పిడి మలిచిన కమ్మీ చివరలను చూడండి. అవి లోపలికి చొచ్చుకుని ఉంటే అక్కడే మురికి చేరుతుంది. మీ బర్రె ఇచ్చే పాలకు ఒకటిన్నర రెట్లు పట్టే బకెట్టు చాలు.

కడిగే వరుస

కడగటంలో బలం కంటే వరుస ముఖ్యం. చాలామంది పాలు పోసి వచ్చిన వెంటనే సలసల కాగే నీళ్ళు పోస్తారు. శుభ్రత మీద శ్రద్ధతోనే చేస్తారు, కాని ఆ వేడికి పాలలోని మాంసకృత్తులు ఉడికి గోడకు అంటుకుంటాయి. కోడిగుడ్డు గిన్నెను వేడినీళ్ళతో కడిగి చూసినవారికి ఇది తెలుసు. కాబట్టి ఈ వరుస పాటించండి.

ఒకటి, పాత్ర ఖాళీ అయిన వెంటనే చల్లని నీళ్ళతో తొలపాలి. పాలు ఎండనీయరాదు.
రెండు, చెయ్యి ఓర్చగలిగేటంత వేడినీళ్ళలో కొంచెం బట్టల సోడా గాని గిన్నెల సబ్బు గాని వేసి, మెత్తని పీచుతో తోమాలి. వెన్న జిడ్డు వేడికే పోతుంది. అల్యూమినియానికి సోడా వాడరాదు.
మూడు, సబ్బు జాడ లేకుండా మంచినీళ్ళతో రెండుసార్లు కడగాలి.
నాలుగు, ఆఖరున మరిగే నీళ్ళు పోసి తిప్పి పారబోయాలి.
ఐదు, గుడ్డతో తుడవకుండా, నేలకు ఆనకుండా ఒక మంచె మీద బోర్లించి ఎండలో ఆరబెట్టాలి.

ఈ ఐదవది చాలా ఇళ్ళలో జరగదు. కడిగిన బకెట్టును తడిగానే మూత పెట్టి మూలకు పెడతారు. తడి ఉన్న చోట సూక్ష్మజీవులు పెరుగుతాయి. ఆరిన చోట పెరగవు. ఎండకు ఖర్చు లేదు, జనగామలో దానికి కరువూ లేదు. నాలుగు కర్రలు పాతి పైన తడిక కడితే పాత్రల మంచె అవుతుంది.

మట్టితో తోమే అలవాటు మానాలి. కొట్టం పక్కన మట్టిలో పేడ, దానితోపాటు వేడికి కూడా చావని సూక్ష్మజీవుల బీజాలు ఉంటాయి. జల్లించిన కట్టెల బూడిద మట్టి కంటే ఎంతో మేలు. ఇనుప పీచు స్టీలును గీస్తుంది కనుక పాలపాత్రకు వద్దు.

బోరు నీళ్ళు కఠినంగా ఉన్న ఊళ్ళలో ఎంత కడిగినా పాత్రలో తెల్లని గరుకు పొర పడుతుంది. పాలలోని సున్నం, నీళ్ళలోని సున్నం కలిసి రాయిలా పట్టినది అది. సోడాకు లొంగదు, పులుపుకు లొంగుతుంది. వారానికి ఒకసారి చింతపండు గాని నిమ్మచెక్క గాని పెట్టి రుద్ది బాగా కడిగితే పోతుంది.

వడకట్టే గుడ్డ, మూత రబ్బరు

పాలు వడకట్టడానికి పాత చీర ముక్కను వాడి, కొక్కేనికి తగిలించి, సాయంత్రం మళ్ళీ అదే గుడ్డతో వడకట్టే ఇళ్ళు ఉన్నాయి. అటువంటి గుడ్డ వెంట్రుకలను ఆపుతుంది, పులుపును కలుపుతుంది. తెల్లని మెత్తని నూలు గుడ్డ ముక్కలు రెండు ఉంచుకోండి. ఉదయానికి ఒకటి, సాయంత్రానికి ఒకటి. ప్రతిసారి ఉతికి, మరిగే నీళ్ళలో ముంచి, ఎండలో ఆరవేయాలి. తెలుపే ఎందుకంటే మురికి కనపడాలి.

మేము చూసిన ఒక సంఘంలో వేసవిలో ఒకే వారంలో మూడుసార్లు ఉదయపు క్యాను పులిసింది. సభ్యులు ఒకరినొకరు అనుమానించుకున్నారు. నీళ్ళు కలిపారని ఒకరు, నిన్నటి పాలు కలిపారని ఒకరు అన్నారు. ఇద్దరు ముగ్గురు పాలు పోయటం మానివేసే దాకా వచ్చింది. చివరకు క్యాను మూతలోని రబ్బరు చుట్టను ఊడదీసి చూస్తే, దాని కింద నెలల నాటి పాలు జున్నులా గట్టిపడి ఉన్నాయి. క్యానును రోజూ కడుగుతున్నారు. రబ్బరును ఊడదీయాలని ఎవరికీ తోచలేదు. పది నిమిషాల పని ఒక సంఘంలో మాటలు పోయేదాకా తెచ్చింది. కార్యదర్శులు ప్రతిరోజు ఆ రబ్బరును తీసి కడిగించాలి, పగుళ్ళు పడితే మార్చాలి.

సంఘం గదిలో

పాలు నిలవ ఉంటే వెన్న పైకి తేలుతుంది. కలపకుండా నమూనా తీస్తే పైనుంచి తీస్తే ఒక అంకె, అడుగునుంచి తీస్తే ఒక అంకె వస్తుంది. అందుచేత నమూనా తీసేముందు కలియబెట్టే హక్కు మీకు ఉన్నది. అడగండి. నురగ తగ్గిన తర్వాతే లాక్టోమీటరు చూడాలి. పాలలో గాలి ఉంటే అంకె తక్కువ చూపిస్తుంది. లీటరు పాలు కిలో కంటే కొంచెం ఎక్కువ తూగుతాయి. లాక్టోమీటరు 28 చూపితే లీటరుకు 1028 గ్రాములు అన్నమాట. మీ సంఘం కిలోలలో తూస్తే ఈ తేడా తెలిసి ఉండాలి. కాటా మీద తూనికల శాఖ ముద్ర ఈ సంవత్సరానిదేనా అని చూడటం అనుమానం కాదు, సభ్యుని బాధ్యత.

మరొక మాట. పొదుగులో చివర దిగే పాలలోనే వెన్న ఎక్కువ. ముందు పిండినవి సంఘానికి, చివరివి దూడకు వదిలితే వెన్న శాతం తగ్గుతుంది. ముందు దూడకు విడిచి, తర్వాత పూర్తిగా పిండటం మంచిది. తెచ్చిన పాలు పోసిన తర్వాత బకెట్టు గోడలకు మీగడ అంటి ఉంటే అది కూడా మీ డబ్బే. బయలుదేరేముందు, పోసేముందు పాలను మెల్లగా తిప్పండి.

వంటింటిలో

పొదుగు దగ్గరే తాగే గుమ్మపాలు బలమని నమ్మేవారు ఇంకా ఉన్నారు. పశువుకు క్షయ ఉన్నా, ఈసుకుపోయే జబ్బు బ్రూసెల్లా ఉన్నా ఆ పచ్చిపాల ద్వారా మనిషికి వస్తుంది. పాలు ఒక పొంగు వచ్చేదాకా కాచి తాగటమే క్షేమం.

కాచటానికి అడుగు మందంగా ఉన్న గిన్నె మంచిది. పాలు పోసేముందు గిన్నెలో కాసిని చల్లని నీళ్ళు తిప్పి పారబోస్తే అడుగంటటం తగ్గుతుంది. రెండు గోడల మధ్య నీళ్ళు పోసి ఈలవేసే పాల కుక్కరు మంచి పనిముట్టు. మధ్యలో నీళ్ళు ఉన్నంతవరకు వేడి 100 డిగ్రీలు దాటదు కనుక మాడదు. ఈల వస్తున్నదంటే నీళ్ళు మరుగుతున్నాయని అర్థం. నీళ్ళు పోయటం మరిచి పొయ్యి మీద పెడితే మాత్రం కుక్కరు పాడవుతుంది. కాచిన పాలను ముందు నీళ్ళ పళ్ళెంలో చల్లార్చి తర్వాత ఫ్రిజ్‌లో పెట్టండి.

పిడకల దాలిలో పాలు కాగి ఎర్రబారి అరచేతి మందాన మీగడ కట్టటం కొంతమందికి గుర్తుండే ఉంటుంది. గంటల తరబడి సన్నని సెగ మీద ఉండటం వల్ల ఆ పాలు త్వరగా విరిగేవి కావు. దాలి ఉన్నవారు మూసిన ఇంట్లో గాక పొగ పోయే చోట పెట్టుకోవాలి. ఆ పొగ ఆడవారి ఊపిరితిత్తులకు చేటు.

ఉట్టిని కూడా తక్కువ చేయవద్దు. పోతన గారి బమ్మెర మన పాలకుర్తి మండలంలోనే ఉన్నది. ఆయన భాగవతంలో చిన్ని కృష్ణుడికి అందకుండా పెట్టిన వెన్న కూడా ఉట్టి మీదిదే. పిల్లికి, చీమకు అందకుండా, చుట్టూ గాలి ఆడేటట్టు పెరుగుకుండను వేలాడదీయటం తెలివైన ఏర్పాటు. కరెంటు పోతే ఫ్రిజ్ పనిచేయదు, ఉట్టి పనిచేస్తుంది.

చల్ల చిలకటానికి తెల్లవారుజామే సరైన వేళ. వేడి ఎక్కువైతే వెన్న మెత్తబడి చల్లలోనే సగం ఉండిపోతుంది. వేసవిలో వెన్న ఆవగింజలంత పూస కట్టగానే కుండలోని చల్లని నీళ్ళు పోస్తే గట్టిగా విడివడుతుంది. కవ్వం కర్రది గనుక పనికాగానే వేడినీళ్ళలో కడిగి నిలబెట్టి ఆరనీయాలి. పళ్ళ మధ్య నల్లబడిన కవ్వాన్ని మార్చాలి.

బకెట్టు ఎవరు కొనాలి?

ఇక ముఖ్యమైన మాట. ఇంట్లో పాలు పిండేది, పాత్ర కడిగేది, కొట్టం ఊడ్చేది ఎక్కువగా ఆడవారు. పాల బిల్లు మాత్రం చాలా ఇళ్ళలో మగవారి చేతికి వెళుతుంది. మగవారి బండికి కొత్త టైరు వస్తుంది. ఆడవారి చేతిలో చిల్లుకు మైనం పెట్టిన బకెట్టు అలాగే ఉంటుంది. పాలు పులిస్తే మాట పడేది కూడా ఆమెయే. ఇది న్యాయం కాదు, లాభం కూడా కాదు. పనిముట్టు ఎవరి చేతిలో ఉంటుందో ఎంపిక వారిదే కావాలి. పక్కనే ముల్కనూరులో 2000 సంవత్సరంలో మహిళలు తామే సభ్యులై సొంత సహకార డెయిరీ స్థాపించుకుని నడుపుకుంటున్నారు. పాలు పిండే చేతులకు లెక్క కూడా తెలుసునని చెప్పటానికి వేరే సాక్ష్యం అక్కరలేదు.

సంఘాలకు మా సూచన ఇది. సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేసి, కావలసిన స్టీలు పాలబకెట్లను సంఘమే ఒకేసారి కొనండి. ఎక్కువ సంఖ్యలో కొంటే ధర తగ్గుతుంది, రకం పరీక్షించి తీసుకోవచ్చు. ఆ ధరను సభ్యుల అనుమతితో పాల బిల్లు నుంచి చిన్న చిన్న వాయిదాలలో పట్టుకోవచ్చు. కొనేముందు నమూనా బకెట్లు రెండు మూడు తెప్పించి, పాలు పిండే మహిళా సభ్యుల చేతికి ఇచ్చి, వారు బాగున్నదన్న దానినే తీసుకోండి. బరువు, పిడి, మూతి వారికి తెలిసినంతగా దుకాణదారుకు గాని, మాకు గాని తెలియదు.

కొత్తది కొనలేని వారు దిగులు పడనక్కరలేదు. శుభ్రంగా కడిగి ఎండలో బోర్లించిన పాత స్టీలు బకెట్టు, కడగని కొత్త బకెట్టు కంటే వెయ్యిరెట్లు మేలు. ఈ రోజు ఇంటికి వెళ్ళగానే మీ పాలపాత్ర లోపల వేలితో ఒకసారి తడిమి చూడండి. జిడ్డుగా గాని గరుకుగా గాని తగిలితే ఏ పని ముందు చేయాలో మీకే తెలుస్తుంది. కార్యదర్శులు రేపు ఉదయమే క్యాను మూతల రబ్బర్లు ఊడదీసి చూడవలసిందిగా కోరుతున్నాము.